బ్లూ డాగ్ పెయింటింగ్: ఆ కుక్క నీలంగా ఎందుకుంది? పసుపు కళ్ల వెనక అసలు కథ ఇదీ..

నీలం రంగు కుక్క. గుండ్రటి పసుపు కళ్లు. తోక ఊపదు, పరిగెత్తదు, నాలుక బయటపెట్టదు. కదలకుండా కూర్చుని నేరుగా మన కళ్లలోకే చూస్తుంటుంది. ఇంటర్నెట్‌లో ఎక్కడో ఓ చోట ఈ బొమ్మ మీ కంటపడే ఉంటుంది. చూడగానే ఏదో పిల్లల కార్టూన్ అనుకుంటాం. కానీ ఈ కుక్క పుట్టింది ఓ దెయ్యం కథల పుస్తకం కోసం. దానికి ఆధారం.. అప్పటికే చనిపోయిన ఓ పెంపుడు కుక్క ఫొటోలు.

దీన్ని గీసిన చిత్రకారుడి పేరు జార్జ్ రోడ్రిగ్. అమెరికాలోని లూసియానా రాష్ట్రం, న్యూ ఐబీరియా అనే ఊళ్లో 1944లో పుట్టారు. ఫ్రెంచ్ మూలాలున్న కేజన్ కుటుంబం. చిన్నతనంలో పోలియో వచ్చి మంచం పట్టినప్పుడు కాలక్షేపానికి తల్లి రంగులు తెచ్చిచ్చారు. అలా మొదలైన బొమ్మల పిచ్చి ఆయన్ని లాస్ ఏంజెలెస్‌లోని ఆర్ట్ కాలేజీ దాకా తీసుకెళ్లింది. చదువయ్యాక అక్కడే ఉండిపోలేదు, సొంత రాష్ట్రానికి తిరిగొచ్చేశారు. ఏళ్ల తరబడి ఓక్ చెట్లు, చిత్తడి నేలలు, తన ఊళ్ల జనాన్నే గీశారు. అవన్నీ ముదురు రంగుల బొమ్మలు. బ్లూ డాగ్ మెరుపులకు, వాటికి అస్సలు పొంతన ఉండదు.

మరి నీలం కుక్క ఎక్కణ్నుంచి వచ్చింది?

1984లో లూసియానా దెయ్యం కథలతో ఓ పుస్తకం తయారైంది. దానికి బొమ్మలు వేసే పని రోడ్రిగ్‌కి వచ్చింది. ఆ ప్రాంతపు కథల్లో 'లూ గరూ' అనే జీవి ఉంటుంది. సగం మనిషి, సగం తోడేలు అన్నమాట. అల్లరి చేస్తే బూచాడు వచ్చి ఎత్తుకుపోతాడని మన ఇళ్లలో పిల్లల్ని భయపెట్టినట్టే, అక్కడి తల్లులు లూ గరూ పేరు చెప్పేవారు. రోడ్రిగ్ కూడా ఆ మాటలు వింటూ పెరిగిన పిల్లాడే.

అయితే కళ్లతో చూడని జీవిని ఎలా గీయాలి? ఆయన తన పాత ఫొటోలు తిరగేశారు. అందులో టిఫనీ దొరికింది. టెర్రియర్, స్పానియల్ కలిసిన ఆడకుక్క. ఆయన స్టూడియోలో తిరుగుతూ ఉండేది. కొన్నేళ్ల ముందే చనిపోయింది. ఫొటోలోని ఆ కూర్చున్న తీరును, ఆ చెవులను తీసుకుని లూ గరూను గీశారు. 'వాచ్ డాగ్' అనే ఆ తొలి ఆయిల్ పెయింటింగ్‌లో రాత్రి వెలుగు పడి కుక్క ఒళ్లు బూడిద కలిసిన నీలంగా కనిపిస్తుంది. కళ్లు మాత్రం ఎర్రగా ఉంటాయి. అంటే మొదట్లో నీలం ఫ్యాషన్ కోసం వేసిన రంగు కాదు, చీకటి రంగు.

1980ల చివర్లో లాస్ ఏంజెలెస్‌లో ఈ బొమ్మల్ని ప్రదర్శనకు పెట్టారు. అక్కడివాళ్లకు లూ గరూ అంటే ఏంటో తెలియదు. "ఆ నీలం కుక్క" అని పిలవడం మొదలుపెట్టారు. జనానికి తన దెయ్యం ఎలా కనిపిస్తోందో రోడ్రిగ్‌కి అప్పుడు అర్థమైంది. క్రమంగా ఎర్ర కళ్లు పోయి పసుపు కళ్లు వచ్చాయి, నీలం చిక్కబడింది. చల్లటి నీలం మీద వెచ్చటి పసుపు పడితే ఆ పసుపు ముందుకు దూకినట్టు ఉంటుంది. చూపు కళ్ల దగ్గరే ఆగిపోవడానికి కారణం అదే.

గమనించాల్సిన విషయం ఇంకోటుంది. ఆయన పాత ఓక్ చెట్లు కూడా ఇలాగే ఉంటాయి. అంచులు కత్తిరించినట్టు, ముందుకు తోసుకొచ్చినట్టు, వెనకాల కొంచెమే ఆకాశం. ఆ చెట్టు ఉండాల్సిన చోట కుక్కను కూర్చోబెట్టారంతే!

తర్వాత అంతా వేగంగా జరిగిపోయింది. 1992లో అబ్సొల్యూట్ వోడ్కా ప్రకటనలోకి, 2000లో జిరాక్స్ ప్రచారంలోకి ఈ కుక్క ఎక్కింది. రాజకీయాల్నీ వదల్లేదు. అమెరికా ప్రతినిధుల సభలో డెమోక్రాట్లలోని మితవాద వర్గం 1995లో 'బ్లూ డాగ్' అని పేరు పెట్టుకుంది. ఆ పేరు వెనక చెప్పే కారణాల్లో ఒకటి ఈ పెయింటింగే. లూసియానా సభ్యుల ఆఫీసుల్లో, ఆ గ్రూపు సమావేశమయ్యే చోట, గోడ మీద రోడ్రిగ్ బొమ్మలు వేలాడేవి మరి.

ఇంతగా అమ్ముడయ్యాక విమర్శలు రాకుండా ఉంటాయా? ఒకే బొమ్మను పదే పదే గీసి సరుకు చేశారన్నది ప్రధాన ఆరోపణ. అందులో కొంత నిజం ఉంది. మన ఇళ్లలో వాస్తు పేరుతో కనిపించే ఏడు గుర్రాల బొమ్మలాగే, ఎక్కువగా చూస్తే ఏ బొమ్మైనా కంటికి ఆనదు. కాకపోతే రోడ్రిగ్ విషయంలో ఓ తేడా ఉంది. కుక్క భంగిమ మారదు కానీ, రంగు మారితే మాత్రం దానికో కారణం ఉంటుంది.

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఆయన గీసిన బొమ్మలో కుక్క నీలం కోల్పోయి పాలిపోయింది. 2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచేసింది. అది ఆయన సొంత రాష్ట్రం, సొంత జనం. అప్పటి బొమ్మలో అమెరికా జెండా నీళ్లలో ఉంటుంది. కుక్క సగం మునిగి ఉంటుంది. ఛాతీ మీద సాయం అడుగుతున్నట్టు ఎర్ర శిలువ గుర్తు. పసుపు కళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి. 1984లో భయపెట్టడానికి వేసిన ఎరుపు ఈసారి ఏడ్చి ఏడ్చి వచ్చిన ఎరుపు. ఈ ప్రింట్లు అమ్మగా వచ్చిన డబ్బును ఆయన సహాయ కార్యక్రమాలకు ఇచ్చారు.

రోడ్రిగ్ 2013 డిసెంబర్‌లో, 69 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో చనిపోయారు. న్యూ ఆర్లీన్స్‌లో ఆయన పేరుతో గ్యాలరీ ఉంది. హ్యూస్టన్, డాలస్ వైపు ఉండే మనవాళ్లు ఆ ఊరు వెళ్తే ఓసారి తొంగి చూడొచ్చు. అయితే ఒకటి గమనించండి. పోస్టర్లలో నీలం అంతా ఒకేలా, చదునుగా కనిపిస్తుంది. చేత్తో గీసిన అసలు కాన్వాస్ దగ్గరకెళితే కుంచె జాడలు, ఆ నీలంలోనే ముదురు, లేత తేడాలు కనిపిస్తాయి.