ట్రక్కు గుండెకు కొలిమితిత్తి!

కొలిమిలో నిప్పులు మసకబారితే కమ్మరి ఏం చేస్తాడు? తిత్తితో గట్టిగా గాలి కొడతాడు. బొగ్గులు భగ్గుమంటాయి. ఏళ్ల తరబడి ఫెర్రో మాంగనీస్ తయారుచేసిన విజయనగరం జిల్లా గరివిడి వాసులకు నిప్పు సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇదే కిటుకును పాత పికప్ ట్రక్కుల మీద ప్రయోగిస్తుంటారు అమెరికాలోని వేగప్రియులు. ఆ తిత్తి పేరే సూపర్‌ఛార్జర్.

పికప్ అంటే మనకు బస్తాలు మోసే బండి. అక్కడ దాన్నే రేసుకారులా తీర్చిదిద్దుకునే సరదా ఉంది. 1993 నుంచి 1995 దాకా ఫోర్డ్ తయారుచేసిన ఎఫ్-150 లైట్నింగ్ అలాంటిదే. 5.8 లీటర్ల వి8 ఇంజిను, 240 హార్స్‌పవర్. అప్పట్లో అది గొప్పే! కానీ 1999లో వచ్చిన రెండోతరం లైట్నింగ్‌కి కంపెనీయే సూపర్‌ఛార్జర్ బిగించింది. ఇంజిను 5.4 లీటర్లకు తగ్గినా శక్తి 360కి చేరింది. పాత బండి యజమానికి కన్ను కుట్టదూ మరి!

మామూలు ఇంజిను తనకు కావాల్సిన గాలిని తనే పీల్చుకుంటుంది. సూపర్‌ఛార్జర్ దాన్ని బలవంతంగా కుక్కుతుంది. వాతావరణ పీడనం చదరపు అంగుళానికి 14.7 పౌండ్లు. దానికి మరో ఏడు జోడిస్తే, లెక్క ప్రకారం దాదాపు సగం గాలి అదనం. గాలి పెరిగితే పెట్రోలు ఎక్కువ పోయొచ్చు, శక్తీ పెరుగుతుంది. మన డీజిల్ బళ్లలో కనిపించే టర్బో చేసేదీ ఇదే. కాకపోతే అది పొగగొట్టంలోంచి పోయే వేడి వాయువులతో తిరుగుతుంది. సూపర్‌ఛార్జర్ ఇంజిను బెల్టుతో తిరుగుతుంది. అందుకే యాక్సిలరేటర్ తొక్కగానే ఊపు వస్తుంది. అయితే ఆ బెల్టు తిప్పడానికీ ఇంజిను శక్తే ఖర్చు!

కొలిమి పోలిక ఉత్త మాట కాదు. 1860 దశకంలో అమెరికాలో రూట్స్ సోదరులు తయారుచేసిన బ్లోయరును మొదట వాడింది కొలిములకూ గనులకూ గాలి కొట్టడానికే. అదే సూత్రం తర్వాత కార్లలోకి వచ్చింది. 1921లో మెర్సిడెస్ సూపర్‌ఛార్జర్ కార్లను ప్రదర్శించింది.

అసలు చిక్కంతా బిగించాకే. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఆ వేడికి, ఒత్తిడికి స్పార్కు అంటించిన మంట చేరకముందే సిలిండరులో మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలిపోతుంది. డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు టకటకమని మోత! అది ఆగకపోతే పిస్టన్ పగలొచ్చు, హెడ్ గాస్కెట్ పోవచ్చు. పాతికేళ్లకు పైగా తిరిగిన ఇంజినుకి ఆ దెబ్బ తట్టుకోవడం మరీ కష్టం. కాబట్టి తెలిసిన మెకానిక్ ముందు కంప్రెషన్ పరీక్ష చేస్తాడు. సిలిండర్లలో తేడా ఉంటే ఇంజిను విప్పాల్సిందే. ఆ తర్వాత పెద్ద ఇంజెక్టర్లు, బలమైన ఫ్యూయల్ పంపు, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు... జాబితా పెరుగుతూనే ఉంటుంది. కొత్త గాలి సంగతి తెలియని పాత కంప్యూటరుకీ పాఠం చెప్పాలి. ఇంజిను నిలిచినా గేర్‌బాక్సు చేతులెత్తేయొచ్చు. తీరా చూస్తే సూపర్‌ఛార్జరే చవకనిపిస్తుంది!

గరివిడిలో ఏ కుర్రాడైనా తన పాత బండికి ఇది బిగిద్దామనుకుంటే? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డొస్తుంది. కంపెనీ నిర్దేశించిన మౌలిక వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.