తీగ కట్టిన ఆదివారం

2015 డిసెంబరు వరదల్లో మా మాధవరంలో కరెంటు పోయింది, సెల్లు పలకలేదు. వేళచేరిలో ఉన్న మా అమ్మాయి ఎలా ఉందో రెండు రోజులు తెలియలేదు. అందుకే హామ్ రేడియో కుర్రాళ్లు వచ్చి, "తాతా, మీ మైదానంలో ఒకరోజు స్టేషను పెడతాం" అంటే వెంటనే సరే అన్నాను.

లైను కరెంటు ముట్టకూడదు, అదీ పందెం. కారు బ్యాటరీ, 20 మీటర్ల రాగితీగ, రెండు వేపచెట్లు, అంతే. కొలత తప్పితే తీగ పలకదట. కొలిచే పని నాకిచ్చారు, నూలుతో బతికినవాణ్ణి గదా! తాడుకి రాయి కట్టి కొమ్మ మీదుగా విసిరితే మూడోసారికి పడింది. పదింటిదాకా గుర్రుమనే చప్పుడే. ఆపైన బెంగళూరు పలికింది. ఆడవాళ్లు పొయ్యి ఆర్పి మరీ వచ్చారు.

ఇదంతా ఆటేగా అనకండి. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారు అండమానులో ఇలాగే సరదాకి స్టేషను పెట్టారు. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయాక ఎందరి క్షేమ సమాచారమో ఆ రేడియో మీదే బయటికి వచ్చింది.

లైసెన్సు లేందే మైకు పట్టకూడదు. 12 ఏళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. మా వీధిలో ఇద్దరు చదువుతున్నారు, అందులో ఒకర్తి మా మనవరాలు. తాడు మాత్రం నా దగ్గరే ఉంది.