జ్వరమనగా నేమి?

గోదావరికి దక్షిణమున పూర్వపు కరీంనగరము జిల్లాయు, ఉత్తరమున పూర్వపు ఆదిలాబాదు జిల్లాయు కలవు. ఈ రెండు సీమలలోను ఒడలు కాలినచో ప్రజలు 'జరమొచ్చింది' అందురు. సంస్కృతమందలి 'జ్వరము' అను మాటయే జనుల నాలుకపై ఇట్లు మారినది. పత్రికలవారు 'ఎన్నికల జ్వరము', 'క్రికెట్ జ్వరము' అనియు వ్రాయుచుందురు. అచట దీనికి ఉద్రేకమని అర్థము. ఆ వాడుకవలన హాని లేదు. జ్వరమును వ్యాధి పేరుగా వాడునప్పుడే చిక్కు కలుగును.

ఆరోగ్యవంతుని శరీరోష్ణత సుమారు 37 డిగ్రీల సెంటిగ్రేడు ఉండును. జర్మను వైద్యుడు వుండర్లిష్ వేలకొలది రోగుల ఉష్ణతను కొలిచి, జ్వరము వ్యాధి కాదనియు, వ్యాధి లక్షణమనియు 1868లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను.

మెదడు అడుగుభాగమున హైపోథాలమస్ అను చిన్న భాగము కలదు. ఇది శరీరోష్ణతను ఒక మట్టమున నిలుపును. సూక్ష్మజీవులు లోనికి చొరబడినపుడు రక్తమందలి తెల్లకణములు కొన్ని పదార్థములను విడుచును. వాని ప్రభావమున ఆ మట్టము 39 డిగ్రీలకు జరిగెననుకొందము. అపుడు 37 డిగ్రీల శరీరము చల్లబడినట్లు తోచును. కండరములు వణకి వేడిని పుట్టించును. జ్వరము వచ్చునపుడు చలి కలుగుటకు ఇదియే కారణము.

వేసవిలో రామగుండము ఎండలో పనిచేయు కూలీకి వడదెబ్బ తగిలినపుడును ఒడలు కాలును. కాని అది జ్వరము కాదు. ఇచట మట్టము మారలేదు. శరీరము తన వేడిని బయటికి పంపలేకపోయినది. కావున జ్వరపు మాత్ర పనిచేయదు. రోగిని వెంటనే నీడకు చేర్చి, ఒడలు నీటితో తడిపి, విసరుచు ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

వానకాలమున ఉట్నూరు వంటి అటవీప్రాంతములలో 'విషజ్వరములు' ప్రబలెనను వార్త తరచుగా వినబడును. ఈ మాట ఏ వ్యాధినీ తెలుపదు. మలేరియా, డెంగీ, టైఫాయిడు మూడును దీనిలో ఇముడును. మలేరియాను అనాఫిలిస్ దోమయు, డెంగీని ఏడిస్ దోమయు వ్యాపింపజేయును. టైఫాయిడు కలుషితమైన నీటివలనను, ఆహారమువలనను వచ్చును. వీని చికిత్సలు వేరు. డెంగీ రోగికి ఆస్పిరిన్ ఇచ్చినచో రక్తస్రావము హెచ్చు ప్రమాదము కలదు.

దినము విడిచి దినము వచ్చు జ్వరమును పూర్వులు 'తృతీయకము' అనిరి. వైవాక్స్ మలేరియాలో సుమారు 48 గంటలకొకసారి క్రిములు ఎర్రకణములను పగులగొట్టి వెలువడుటయే దీనికి కారణమని తరువాత తెలిసినది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనుగొన్నది 1897 ఆగస్టు 20న, మన సికిందరాబాదులోనే.

ఫాల్సిపారం మలేరియా మెదడుకు సోకి ప్రాణము తీయగలదు. మాత్రతో వేడి తగ్గినంతమాత్రమున క్రిమి చావదు. వ్రేలినుండి తీసిన ఒక రక్తపుబొట్టుతో అరగంటలోపల దీనిని గుర్తింపవచ్చును. కావున 'జరము' అని విన్నంతనే 'ఏ జ్వరము?' అని అడుగుట విద్యార్థులకు అలవాటు కావలెను. వేడి ఎంతయో థర్మామీటరు చెప్పును. ఎందువలననో తేల్చుటకు పరీక్ష అవసరము.