ఊరు కదల్లేదు, చిరునామా మారింది

పండగ ముందు ట్రంకు పెట్టెలు దులుపుతుంటే పాత దస్తావేజులు బయటపడతాయి కదా! వాటిమీద "విశాఖపట్నం జిల్లా, నర్సీపట్నం తాలూకా" అని ఉంటుంది. "తాలూకా అంటే ఏమిటమ్మా?" అని పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి గాని, ఆ కాగితం పారెయ్యకండి. ఎందుకో కృష్ణదేవిపేట సంగతి వింటే మీకే తెలుస్తుంది.

మనవాళ్ళు కె.డి.పేట అనే ఈ ఊరు కొండల మొదట్లో ఉంది. ఒకప్పుడు ఈ ప్రాంతమంతా గొలుగొండ జమీ. 1830ల్లో దాన్ని కుంఫిణీవారు తమ చేతిలోకి తీసుకున్నారు. 1839లో గంజాం, విశాఖపట్నం కొండప్రాంతాలకు వేరే చట్టం వచ్చింది. మైదానంలోని కోర్టులు, చట్టాలు అక్కడ నడవవు. కలెక్టరే గవర్నరుకు ఏజెంటుగా ఉండి అన్నీ చూసుకుంటాడు. ఏజెంటు ఏలుబడి గనక అది "ఏజెన్సీ" అయింది. మనం రోజూ అనే మాట పుట్టింది అలాగే!

ఆ ఏలుబడి కొండవాళ్ళకు సుఖమివ్వలేదు. 1882 అటవీచట్టంతో పోడు వ్యవసాయానికి అడ్డంకులొచ్చాయి. తర్వాత గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ రోడ్డు పనికి మనుషుల్ని తోలి, సరైన కూలి కూడా ఇవ్వలేదు. కడుపు మండదూ మరి! అల్లూరి సీతారామరాజుగారి దళం 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకెళ్ళింది. 1924 మే 7న రాజుగారిని కొయ్యూరులో కాల్చి చంపారు. దహనం జరిగింది కృష్ణదేవిపేటలో. సమాధి అక్కడే ఉంది.

1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. కె.డి.పేట గొలుగొండ మండలంలో చేరింది. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లాను విడదీసి, పాడేరు కేంద్రంగా రాజుగారి పేరనే ఒక జిల్లా పెట్టారు. ఇక్కడే ఉంది విచిత్రం. రాజుగారు ప్రాణం విడిచిన కొయ్యూరు ఆ జిల్లాలోకి వెళ్ళింది. ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట మాత్రం అనకాపల్లి జిల్లాలో పడింది!

ఎవరో కావాలని చేసింది కాదు లెండి. కొత్త జిల్లాలకు పార్లమెంటు నియోజకవర్గాలను కొలతగా తీసుకున్నారు. కొయ్యూరు పాడేరుతో కలిసి అరకు కిందికి వస్తుంది. గొలుగొండ నర్సీపట్నంతో కలిసి అనకాపల్లి కిందికి వస్తుంది. కొండ ఒక వైపు, మైదానం ఒక వైపు, నడుమ గీత. కె.డి.పేట ఆ గీతకు ఇవతల ఉండిపోయింది.

గీతలు ఆఫీసువాళ్ళ వీలుకోసం గీసుకున్నవి. వాటికి జ్ఞాపకాలు లోబడవు. జిల్లా పేరు మారినంత మాత్రాన పాత కాగితం చెల్లకుండా పోదు. అందుకని ఒక చిన్న చీటీ మీద ఊరి పాత తాలూకా, కొత్త మండలం, కొత్త జిల్లా రాసి దస్తావేజుకు జత చేసి ఉంచండి. రేపు మీ కోడలికో, మనవరాలికో ఆ చీటీయే దారి చూపిస్తుంది. పనిలో పనిగా మీ ఊరి కథ కూడా వాళ్ళకు చెప్పండి. ఇంట్లో మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?