ప్రత్యర్థి కంపెనీలన్నీ ఒకే టేబుల్ దగ్గర.. పదేళ్ల తర్వాతి ఫోన్‌కు ఇప్పుడే ప్లాన్! అసలేంటీ టెక్నాలజీ రోడ్‌మ్యాప్?

ఫ్రైడ్ రైస్ బండి దగ్గర తరచూ వినిపించే పేరు అజినొమోటో. టేస్టింగ్ సాల్ట్ అమ్మే ఈ జపాన్ కంపెనీకి, మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రాసెసర్‌కు సంబంధం ఉందంటే నమ్ముతారా? కానీ ఉంది. ప్రాసెసర్ చిప్ కింద ఉండే సన్నని తీగల పొరల మధ్య కరెంటు ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకకుండా ఆపే పలుచని ఫిల్మ్ ఈ కంపెనీదే. దాని పేరే అజినొమోటో బిల్డప్ ఫిల్మ్, షార్ట్‌గా ఏబీఎఫ్. 1999 నుంచి ప్రాసెసర్లలో దీన్ని వాడుతున్నారు. కంప్యూటర్లు, సర్వర్ల ప్రాసెసర్లకు ఈ రకం ఫిల్మ్ దాదాపు మొత్తం ఆ ఒక్క కంపెనీ నుంచే వెళ్తోంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఫిల్మ్ చేసే కంపెనీ ఒక దేశంలో ఉంటుంది. చిప్ చేసేది ఇంకో దేశంలో. బోర్డు చేసేది మరో చోట, అన్నీ కలిపి ఫోన్‌గా బిగించేది మరెక్కడో. మరి పదేళ్ల తర్వాత చిప్ ఎంత వేడెక్కుతుందో, తీగలు ఎంత సన్నబడతాయో వీళ్లందరికీ ముందే ఎలా తెలుస్తుంది? ఒక్కరు లేటైనా మొత్తం ఆగిపోతుంది కదా?

దీనికి ఈ పరిశ్రమ కనిపెట్టుకున్న పరిష్కారమే టెక్నాలజీ రోడ్‌మ్యాప్. మార్కెట్లో ఒకరి కస్టమర్లను ఒకరు లాక్కునే కంపెనీలే ఒక టేబుల్ దగ్గర కూర్చుని, ఏ ఏడాదికి ఏ టెక్నాలజీ సిద్ధంగా ఉండాలో రాసుకుంటాయి. శ్రీసిటీలో, కొంగరకలాన్‌లో ఫ్యాక్టరీలు నడుస్తున్న ఈ రోజుల్లో ఆ పట్టిక మన ఉద్యోగాలకు కూడా సంబంధించిన విషయమే.

ఎక్కడ మొదలైంది?

1965 ఏప్రిల్‌లో గోర్డాన్ మూర్ ఒక పత్రికలో వ్యాసం రాశారు. చిప్‌పై పట్టే భాగాల సంఖ్య ఏటా రెట్టింపు అవుతుందని అందులో అంచనా వేశారు. 1975లో ఆ లెక్కను రెండేళ్లకోసారి రెట్టింపు అని సవరించారు. మూర్స్ లా అంటే ఇదే. నిజానికి ఇది ప్రకృతి సూత్రమేమీ కాదు, ఒక ఇంజినీర్ అంచనా. అయితే అందరూ ఆ వేగాన్నే నమ్మి పెట్టుబడులు పెట్టడంతో అదే నిజమవుతూ వచ్చింది.

1980ల్లో మెమరీ చిప్‌ల మార్కెట్‌లో జపాన్ కంపెనీలు అమెరికాను దాటేశాయి. దీంతో 1987లో 14 అమెరికన్ కంపెనీలు కలిసి సెమటెక్ అనే ఉమ్మడి పరిశోధన సంస్థను పెట్టాయి. ఖర్చులో ప్రభుత్వం కూడా వాటా తీసుకుంది. ఆ తర్వాత 1992లో అమెరికా చిప్ పరిశ్రమ నిపుణులంతా కూర్చుని 15 ఏళ్ల ముందుచూపుతో జాతీయ రోడ్‌మ్యాప్ తయారు చేశారు. 1998లో యూరప్, జపాన్, కొరియా, తైవాన్ కూడా చేరడంతో అది అంతర్జాతీయ రోడ్‌మ్యాప్ అయ్యింది. దాన్నే ఐటీఆర్ఎస్ అంటారు.

చిప్ ఒక్కటే ఉంటే ఫోన్ అవదు. బోర్డు, కనెక్టర్, సోల్డర్, ప్యాకేజింగ్, టెస్టింగ్ కూడా కావాలి. ఈ భాగం చూసుకోవడానికి 1994లో అమెరికాలో నెమి అనే సంస్థ పుట్టింది. 2004లో అంతర్జాతీయ సంస్థగా మారి ఐనెమి అయ్యింది. ఫోన్లు, కార్లు, మెడికల్ పరికరాలు, నెట్‌వర్క్ పరికరాలు.. ఇలా ఒక్కో రంగానికి రాబోయే పదేళ్లలో ఏం కావాలో ఈ సంస్థ రోడ్‌మ్యాప్‌లు వేస్తూ వచ్చింది.

ఇంతకీ ఎలా వేస్తారు?

పద్ధతి సింపుల్‌గానే ఉంటుంది. ముందు ఫోన్లు, కార్లు తయారు చేసేవాళ్లు తమకు ఏం కావాలో చెబుతారు. ఇంత పలుచని బోర్డు, ఇంత వేగం, ఇంత వేడి తట్టుకునే భాగం అని లెక్కలతో సహా ఇస్తారు. తర్వాత బోర్డులు, కనెక్టర్లు, మెటీరియల్స్ తయారు చేసేవాళ్లు తమ దగ్గర ఇప్పుడు ఏముందో, ఏ ఏడాదికి ఏం ఇవ్వగలరో చెబుతారు. రెండింటినీ పక్కపక్కన పెడితే ఖాళీలు బయటపడతాయి. ఆ ఖాళీలు పూడ్చడానికి కంపెనీలు కలిసి ప్రాజెక్టులు మొదలుపెడతాయి. కొంతకాలం తర్వాత మళ్లీ కూర్చుని పట్టికను సవరిస్తాయి.

ఐటీఆర్ఎస్ పట్టికల్లో రంగులు కూడా ఉండేవి. గడి తెల్లగా ఉంటే తయారీ మార్గం చేతిలో ఉన్నట్టు. పసుపు అయితే మార్గం తెలుసు, ఇంకా పని ఉంది. ఎరుపు అయితే ఎలా తయారు చేయాలో ఎవరికీ తెలియదన్నమాట. ఎర్ర గడులు వరుసగా వచ్చే చోటును ఇంజినీర్లు ఎర్ర ఇటుకల గోడ అని పిలిచేవాళ్లు. ఆ గోడను చూసి కంగారు పడటం కంటే, దాన్ని ఎవరు ముందు బద్దలు కొడతారన్న పోటీయే ఎక్కువ నడిచేది. పరిశోధకులకు నిధులు, కొత్త కంపెనీలకు అవకాశాలు అక్కడే కనిపించేవి.

మరి పోటీ కంపెనీలు ఇలా కలిసి మాట్లాడుకోవడం చట్టానికి విరుద్ధం కాదా అన్న డౌట్ రావొచ్చు. ధరలు, కస్టమర్లు, ఎవరు ఎంత ఉత్పత్తి చేయాలి అనేవి మాట్లాడుకుంటే కచ్చితంగా నేరమే. కానీ మార్కెట్లోకి రాకముందు చేసే ఉమ్మడి పరిశోధనకు 1984లో అమెరికా ప్రత్యేక చట్టంతో వెసులుబాటు ఇచ్చింది. అందుకే ఈ సమావేశాల్లో ఏం కావాలి, ఎప్పటికి కావాలి అన్నదే చర్చ. ఎవరు ఎంతకు అమ్ముతారన్నది టేబుల్ మీదకు రాదు.

34 డిగ్రీల తేడా.. మొత్తం పరిశ్రమను మార్చేసింది

ఇలాంటి ప్లానింగ్ ఎందుకు అవసరమో చెప్పడానికి సీసం కథకు మించిన ఉదాహరణ లేదు.

మొబైల్ రిపేర్ షాపులో సోల్డరింగ్ చేయడం మీరు చూసే ఉంటారు. దశాబ్దాల పాటు ఆ సోల్డర్‌లో 63 శాతం తగరం, 37 శాతం సీసం ఉండేవి. ఈ మిశ్రమం 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. చవక, నమ్మకం, అందరికీ అలవాటు. కానీ సీసం విషం. పాత పరికరాలు చెత్తలోకి వెళ్తే అది నేలకు, నీటికి, మనుషులకు చేటు చేస్తుంది. అందుకే యూరోపియన్ యూనియన్ 2003లో రోహెచ్ఎస్ అనే నిబంధన తెచ్చింది. 2006 జులై 1 తర్వాత మార్కెట్లోకి వచ్చే చాలా రకాల ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం ఏ పదార్థంలోనూ 0.1 శాతం మించకూడదని గడువు పెట్టింది.

సీసం తీసేసి తగరం, వెండి, రాగి కలిపితే సరిపోదా అనిపించొచ్చు. ఆ మిశ్రమం దాదాపు 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తేడా 34 డిగ్రీలే. కానీ కష్టమంతా అక్కడే వచ్చింది. బోర్డులు వెళ్లే ఓవెన్ వేడి పెంచాలి. వేడి పెరిగితే ప్లాస్టిక్ కనెక్టర్లు వంగిపోతాయి. బోర్డు పొరలు విడిపోతాయి. చిప్ ప్యాకేజీ లోపల చేరిన తేమ ఒక్కసారిగా ఆవిరై పగులు వస్తుంది. ఇంజినీర్లు దీన్ని పాప్‌కార్న్ సమస్య అంటారు. అంటే సోల్డర్ కంపెనీ ఒక్కటి మారితే చాలదు. రెసిన్ చేసేవాళ్లు, కనెక్టర్ చేసేవాళ్లు, ఓవెన్ చేసేవాళ్లు, టెస్టింగ్ చేసేవాళ్లు ఒకే గడువుకు మారాలి.

పైగా ఒక్కో కంపెనీ ఒక్కో మిశ్రమం ఎంచుకుంటే గందరగోళమే. ఒకే బోర్డుపై పది కంపెనీల భాగాలు కూర్చుంటాయి కదా! అందుకే చట్టం రాకముందే, 1999లోనే నెమి ఉమ్మడి ప్రాజెక్టు మొదలుపెట్టింది. జపాన్, యూరప్‌లోనూ ఇలాంటి ప్రయత్నాలు సాగాయి. చివరికి పరిశ్రమ ఎక్కువగా తగరం-వెండి-రాగి కుటుంబం వైపు మొగ్గింది. 2006 గడువు వచ్చేసరికి పని ఆగలేదు.

అలాగని అన్నీ సాఫీగా జరిగాయని కాదు. సీసం లేని తగరం పూత నుంచి వెంట్రుక కంటే సన్నని లోహపు మీసాలు మొలిచి షార్ట్ సర్క్యూట్ చేసే సమస్య ఇప్పటికీ ఇంజినీర్లను వేధిస్తోంది. ప్రాణాలతో ముడిపడిన మెడికల్ పరికరాలకు 2014 జులై వరకు టైమ్ ఇచ్చారు కూడా.

రోడ్‌మ్యాప్ ఫెయిలైన సందర్భాలు లేవా?

ఎందుకు లేవు! చిప్‌లను వేఫర్ అనే గుండ్రటి సిలికాన్ పలక మీద తయారు చేస్తారు. ఇప్పుడు వాడే పెద్ద సైజు 300 మిల్లీమీటర్లు. దీన్ని 450కి పెంచితే ఒక పలక మీద రెండింతలకు పైగా చిప్‌లు పడతాయి. 2008లో ఇంటెల్, శాంసంగ్, టీఎస్ఎంసీ కలిసి ఈ మార్పును ప్రకటించాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో ఉమ్మడి కేంద్రం కూడా నడిచింది. కానీ ఫ్యాక్టరీలో ప్రతి మెషీన్‌ను కొత్తగా డిజైన్ చేయాలి. ఆ ఖర్చు మోసేది మెషీన్ కంపెనీలు, లాభపడేది రెండు మూడు చిప్ కంపెనీలు. లెక్క కుదరలేదు. ప్రాజెక్టు ఆగిపోయింది. పట్టికలో తేదీ రాసినంత మాత్రాన బిల్లు ఎవరు కడతారో తేలదని ఈ కథ చెబుతోంది.

ఐటీఆర్ఎస్ కూడా 2016తో ముగిసింది. అత్యాధునిక చిప్‌లు చేయగల కంపెనీలు తగ్గిపోయాయి. దాని స్థానంలో ఐట్రిపుల్ఈ ఆధ్వర్యంలో కొత్త రోడ్‌మ్యాప్ మొదలైంది. అది చిప్‌తో పాటు, ఆ చిప్ పనిచేసే మొత్తం సిస్టమ్ అవసరాలనూ చూస్తుంది.

ఇంకో పెద్ద లోపం కూడా ఉంది. ఏ ఏడాదికి ఏ టెక్నాలజీ కావాలో పట్టిక చెబుతుంది. అది ఎన్ని ఫ్యాక్టరీల నుంచి వస్తుందో అంత గట్టిగా చెప్పదు. 1993 జులైలో జపాన్‌లోని నీహామాలో సుమిటోమో కెమికల్ ప్లాంట్‌లో పేలుడు జరిగింది. చిప్ ప్యాకేజీలకు వాడే రెసిన్‌లో సగానికి పైగా ప్రపంచానికి అక్కడి నుంచే వెళ్లేది. దీంతో మెమరీ చిప్‌ల ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. 2021లో మనమూ ఆ దెబ్బ తిన్నాం. చిప్‌ల కొరతతో ఆ ఏడాది సెప్టెంబర్‌లో తమ ఉత్పత్తి మామూలులో 40 శాతమే ఉండొచ్చని మారుతీ సుజుకీ చెప్పింది. జియోఫోన్ నెక్స్ట్ లాంచ్ దీపావళికి వాయిదా పడింది.

మరి మన సంగతేంటి?

ఆలస్యం ఎంత ఖరీదైనదో హైదరాబాద్‌కు తెలుసు. 2006లో నగర శివారులో ఫ్యాబ్ సిటీని ఘనంగా ప్రకటించారు. సెమ్‌ఇండియా సంస్థ 300 కోట్ల డాలర్లతో చిప్ ఫ్యాక్టరీ పెడుతుందని, ఏఎండీ టెక్నాలజీ ఇస్తుందని చెప్పారు. అక్కడి నుంచి ఒక్క చిప్ కూడా బయటకు రాలేదు. తర్వాత అక్కడి భూమిలో కొంత సోలార్ కంపెనీలకు వెళ్లింది. ఈలోగా ప్రపంచం ఆగలేదు. 2006లో 65 నానోమీటర్ల చిప్‌లు చేస్తున్న ఇంటెల్, 2010 నాటికి 32 నానోమీటర్లకు చేరింది. అంటే నాలుగేళ్ల ఆలస్యం ఖరీదు రెండు తరాల టెక్నాలజీ!

ఇప్పుడు పరిస్థితి మారుతోంది. 2021 డిసెంబర్‌లో కేంద్రం 76 వేల కోట్లతో సెమీకండక్టర్ కార్యక్రమం ప్రకటించింది. 2025 మార్చిలో బోర్డులు, కెమెరా మాడ్యూళ్లు, బ్యాటరీ సెల్స్ లాంటి విడిభాగాల తయారీకి 22,919 కోట్ల పథకానికి ఓకే చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌కు చిప్ ప్యాకేజింగ్ యూనిట్ ఒకటి మంజూరైంది. ఏడాదికి 9.6 కోట్ల యూనిట్ల సామర్థ్యంతో ఏఎస్ఐపీ సంస్థ, కొరియా కంపెనీ టెక్నాలజీతో దీన్ని పెట్టనుంది.

2030 నాటికి దేశ ఎలక్ట్రానిక్స్ ఉత్పత్తి 50 వేల కోట్ల డాలర్లకు చేరాలని 2024లో నీతి ఆయోగ్ సూచించింది. అందులో 15 వేల కోట్ల డాలర్లు విడిభాగాల నుంచే రావాలి. 55 నుంచి 60 లక్షల ఉద్యోగాలు వస్తాయని అంచనా వేసింది.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది. బిగింపు ఫ్యాక్టరీ బ్రాండ్ వెంట వస్తుంది, మరో చోట సబ్సిడీ ఎక్కువ దొరికితే బ్రాండ్ వెంటే వెళ్లిపోతుంది కూడా. విడిభాగం, మెటీరియల్ చేసే ఫ్యాక్టరీ అలా ఊరికే కదలదు. కానీ ఆ ఆర్డర్ దక్కాలంటే శాంపిల్ ఇవ్వాలి, టెస్టుల్లో పాసవ్వాలి, ఆమోదం పొందాలి. కార్ల ఎలక్ట్రానిక్స్‌లో దీనికే ఏళ్లు పడుతుంది. పట్టికలో రాసిన ఏడాది వచ్చాక మొదలుపెట్టేవాళ్లకు అప్పటికే సీటు నిండిపోయి ఉంటుంది.

కాబట్టి మీ జిల్లాకు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ వస్తోందన్న వార్త చూసినప్పుడు పెట్టుబడి ఎన్ని కోట్లు, ఉద్యోగాలు ఎన్ని అన్నవాటితో పాటు మరో మూడు విషయాలు కూడా గమనించండి. అక్కడ బిగించడమేనా, విడిభాగాలు కూడా చేస్తారా? ముడిసరుకు ఎన్ని చోట్ల నుంచి వస్తుంది? అది ఈ ఏడాది ఫోన్ కోసం పెడుతున్న లైనా, ఐదేళ్ల తర్వాతి ఫోన్ కోసమా? ఐటీఐ, డిప్లొమా, ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలు ఉన్న ఇంట్లో మూడో ప్రశ్న మరీ ముఖ్యం. వాళ్లు చదువు పూర్తిచేసి బయటకు వచ్చేసరికి ఆ లైన్ నడుస్తూ ఉండాలి మరి!