వెనుక వరుసలోని వీరుడు

సేదరపేట్ పారిశ్రామిక వాడలో సాయంత్రం షిఫ్టు మారే వేళకు ఖాళీ స్థలాలలో పిల్లలు బంతి ఆడుకోవడం నిత్యం కనిపించే దృశ్యమే. ఒకనాడు మా సహోద్యోగి కుమారుడు, ఎనిమిదవ తరగతి చదువుతున్న బాలుడు, ఆట మధ్యలో విడిచిపెట్టి, ముఖం చిన్నబుచ్చుకొని వచ్చి నా ప్రక్కన కూర్చున్నాడు.

"ఏం నాయనా, ఆడడం లేదా?" అని అడిగాను.

"నన్ను బ్యాక్‌గా నిలబెట్టారు మామయ్యా. అక్కడుంటే గోలు కొట్టే అవకాశమే రాదు. వెనుక నిలబడినవాణ్ణి ఎవరు చూస్తారు?" అన్నాడు.

ఆ పసివాని ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. గోలు చేసినవాని పేరు మరునాటి పత్రికలలో పెద్ద అక్షరాలతో వస్తుంది. గోలు కాకుండా ఆపినవాని పేరు చాలాసార్లు ఎక్కడా కనిపించదు. అతని విజయమంతా జరగకుండా పోయిన సంఘటనలలోనే ఉంటుంది. జరగనిదానికి లెక్క వ్రాసేవారెవ్వరు?

ఈ కష్టం ఒక్క మన దేశపు ఆటకే పరిమితం కాదు. కెనడా దేశంలో ఫుట్‌బాల్ పేరుతోనే మరొక క్రీడ ఉంది. అందులో బంతిని చేత పట్టుకొని పరుగెత్తుతారు. జట్టుకు 12 మంది ఆటగాళ్ళు, 110 గజాల పొడవైన మైదానం, ముందుకు సాగడానికి మూడే మూడు ప్రయత్నాలు. అక్కడ ప్రత్యర్థి విసిరిన బంతి అందవలసినవానికి అందకుండా చూచే రక్షకుణ్ణి 'డిఫెన్సివ్ బ్యాక్' అంటారు. బంతి కదలకముందే ప్రత్యర్థి ఆటగాడు పరుగు అందుకొని రావచ్చునని ఆ ఆట నియమం. అంటే ఎదుటివాడు వేగంతో వస్తుంటే రక్షకుడు అతనివైపు చూస్తూ వెనుకకు అడుగులు వేయాలి. ఒక్క క్షణం ఏమరుపాటు చాలు, వేలాది ప్రేక్షకుల ఎదుట తప్పంతా అతనిదే అవుతుంది.

మన తెలుగునాట కూడా వెనుక వరుసలో నిలిచి దేశం గర్వించేటంత ఎత్తుకు ఎదిగిన క్రీడాకారుడొకరు ఉన్నారు. ఆయనే హైదరాబాదుకు చెందిన సయ్యద్ నయీముద్దీన్.

1944లో జన్మించిన నయీముద్దీన్ పెరిగి పెద్దవాడయిన కాలం హైదరాబాదు ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగం. ఉపాధ్యాయ వృత్తి నుండి శిక్షకుడుగా మారిన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు పర్యాయాలు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించిన భారత జట్లకు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందిన జట్టుకు రహీం గారే శిక్షకులు. 1962 జకార్తా పోటీలలో తలకు గాయమై కుట్లు పడిన జర్నైల్ సింగ్ అనే రక్షకుణ్ణి రహీం గారు ముందు వరుసలో ఆడించగా, ఆయన దక్షిణ కొరియాపై జరిగిన తుది పోటీలో గోలు చేసి జట్టు విజయానికి తోడ్పడిన సంగతి క్రీడాభిమానులకు విదితమే. అవసరమైతే ముందుకు ఉరకగలిగే సత్తా వెనుక వరుసవానికీ ఉంటుందని ఆ ఘట్టం నిరూపించింది.

మరుసటి సంవత్సరమే, 1963లో, రహీం గారు క్యాన్సర్ వ్యాధితో కన్నుమూశారు. ఆయన నాటిన క్రమశిక్షణ మాత్రం హైదరాబాదు మైదానాలలో మరికొంత కాలం నిలిచింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని గెలుచుకొన్నది. ఆ వాతావరణంలో రాటుదేలిన నయీముద్దీన్ అనంతరం కలకత్తా చేరి, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ అనే మూడు ప్రసిద్ధ జట్లకూ ఆడారు. వీరావేశంతో నిండిన అక్కడి ప్రేక్షకుల మధ్య రక్షకుని స్థానంలో నిలదొక్కుకొనడం సామాన్యమైన విషయం కాదు.

1970 డిసెంబరులో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా క్రీడలలో భారత జట్టు నాయకత్వం ఈ హైదరాబాదు రక్షకునికే దక్కింది. సెమీఫైనల్లో బర్మా చేతిలో ఓడినప్పటికీ జట్టు కుంగిపోలేదు. మూడవ స్థానం కొరకు జరిగిన పోటీలో జపాన్‌ను 1–0 తేడాతో ఓడించి కాంస్య పతకం సాధించింది. ఒకే గోలు ఆధిక్యంతో గెలిచిన ఆటలో కీర్తి ఆ గోలు చేసినవానిది కావచ్చు. కాని ఎదుటివారి గోళ్ళ పట్టీలో సున్న నిలిపినది రక్షణ శ్రేణి. ఆ తరువాత అర్ధ శతాబ్దం దాటినా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన పురుషుల జట్టుకు మరొక పతకం రాలేదన్నది తలచుకొంటే ఆనాటి ఆ సున్న విలువ బోధపడుతుంది. 1970వ సంవత్సరానికి గాను ఆయనకు అర్జున పురస్కారం లభించింది.

ఆటగాడుగా విరమించిన పిదప ఆయన శిక్షకుడయ్యారు. శరీర దారుఢ్యం, ఆహార నియమం, సమయపాలన విషయాలలో ఆయన కఠినత్వం పేరుపడినది. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ జట్టు ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ కప్పులు మూడింటినీ ఒకే ఏడాది కైవసం చేసుకొన్నది. ఆ సంవత్సరపు ద్రోణాచార్య పురస్కారం ఆయనను వరించింది. ఆటగాడుగా అర్జున, గురువుగా ద్రోణాచార్య, రెండింటినీ అందుకొన్న తొలి ఫుట్‌బాల్ క్రీడాకారుడు ఆయనే. 1997లోను, 2005లోను దక్షిణాసియా పోటీలలో భారత్ విజేతగా నిలిచినప్పుడు శిక్షకులు ఆయనే. అయితే 2006లో ఆసియా కప్పు అర్హత పోటీలలో పరాజయాలు ఎదురుకాగా బాధ్యతల నుండి వైదొలగవలసి వచ్చింది. విజయంలో నలుగురితో పంచుకొనేది, పరాజయంలో ఒంటరిగా మోసేది అనే నియమం రక్షకునికీ, శిక్షకునికీ ఒక్కటేనేమో!

కర్మాగారంలో పనిచేసే మనకు ఈ కథ కొత్తది కాదు. ఉత్పత్తి లక్ష్యం దాటిననాడు అభినందన సభలు జరుగుతాయి. కాని యంత్రం ఆగకుండా రాత్రివేళ నూనె పోసి, బోల్టులు బిగించిన మెయింటెనెన్స్ సోదరునికి, ప్రమాదం జరగకుండా కాపాడిన భద్రతా సిబ్బందికి, నెలజీతంలో ఇంటిని నిలబెట్టుకొస్తున్న గృహిణికి ఏ పట్టికలోనూ పాయింట్లు పడవు. ఏమీ జరగకుండా గడిచిన రోజే వారి విజయం.

ఈ విషయాలన్నీ ఆ బాలునికి నాకు చేతనైనట్లు చెప్పాను. కొంతసేపు మౌనంగా విని, "అయితే ఆ రోజు జపాన్ వాళ్ళు ఒక్క గోలు కొట్టినా మన పతకం అనుమానంలో పడేది కదా మామయ్యా?" అని అడిగాడు.

"అవును నాయనా" అన్నాను.

బాలుడు లేచి మైదానంలోకి పరుగెత్తాడు. వెళ్ళి నిలబడినది వెనుక వరుసలోనే.