సంతకం పెట్టిన కాగితం ఎవరి దగ్గర ఉండాలి?

ఇల్లు కొనే మాట వస్తే ధర ఎంత, వాకిలి ఏ దిక్కు, నీళ్ళు ఉన్నాయా అని అందరూ అడుగుతారు. సంతకాలు అయిన అగ్రిమెంటు మన చేతికి ఎప్పుడొస్తుంది అని అడిగేవాళ్ళు తక్కువ. డబ్బు పోయేది చాలాసార్లు అక్కడే.

ముందు ఒక తేడా తెలియాలి. అగ్రిమెంటు అంటే అమ్ముతాను, కొంటాను అనే మాట మాత్రమే. మన ఇళ్ళల్లో దాన్ని తమిళంలో కిరయ ఒప్పందం అంటాం (ఒప్పందం రెండు భాషల్లోనూ ఒప్పందమే, బాగుంది కదా). 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అగ్రిమెంటుతో ఇల్లు మనది కాదు. క్రయపత్రం రిజిస్టర్ అయితేనే అవుతుంది.

బిల్డర్ల దగ్గర కొనేవాళ్ళకి 2016లో రేరా చట్టం వచ్చింది. అందులో 13వ సెక్షన్ ఒక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు. రాతపూర్వకంగా అగ్రిమెంటు చేసుకుని, దాన్ని రిజిస్టర్ చెయ్యకుండా బిల్డరు ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు. 30 లక్షల ఫ్లాటుకి 3 లక్షలు, అంతే. ఇన్ని రోజుల్లో కాపీ ఇవ్వాలని ఆ సెక్షన్‌లో లేదు. కానీ కాగితం ముందు, పెద్ద డబ్బు తర్వాత అనే వరస ఉంది.

మా అత్త విషయంలో ఈ వరస తలకిందులయింది. సగం డబ్బు కట్టేసి, అన్ని పేజీల్లో సంతకాలు పెట్టి వచ్చింది. "మా సార్ సంతకం అయినాక పంపిస్తాం" అన్నారంట. నెలలు గడిచినా ఆమె చేతిలో ఉన్నది రసీదు ఒక్కటే. అవతలివాళ్ళు సంతకం చేశారో లేదో కూడా తెలీదు. ఇలాంటప్పుడు వాళ్ళు ధర పెంచితే, ఒప్పుకున్న ధర ఇదీ అని ఏం చూపిస్తాం?

500 చదరపు మీటర్లు మించని స్థలంలో కట్టేవి, లేదా 8 ఫ్లాట్లు మించనివి రేరాలో రిజిస్టర్ చెయ్యక్కరలేదు. అరక్కోణం, గుడియాత్తం వైపు ఇలాంటివి చాలానే కనిపిస్తాయి. మరి అక్కడ ఏం చెయ్యాలి? తమిళనాడు 1908 రిజిస్ట్రేషన్ చట్టానికి చేసిన సవరణ ఉంది. అది 2012 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం స్థిరాస్తి అమ్మకం అగ్రిమెంటు ఎవరు రాసుకున్నా రిజిస్టర్ చెయ్యాల్సిందే. సంతకం అయిన 4 నెలల్లోపు సబ్ రిజిస్ట్రార్ ముందు పెట్టాలి.

ఇంకొక చిన్న విషయం, నాకు చాలా ముఖ్యం అనిపించింది. పత్రం దాఖలు చేసినవాళ్ళకి ఆఫీసులో రసీదు ఇస్తారు. రిజిస్టర్ అయినాక పత్రాన్ని దాఖలు చేసినవాళ్ళకే, లేదా వాళ్ళు ఆ రసీదు మీద రాసిచ్చిన మనిషికే తిరిగి ఇస్తారు. అంటే రసీదు బ్రోకరు జేబులో ఉంటే పత్రం కూడా అటే పోతుంది. "నేనే తెచ్చిస్తానమ్మా" అంటే వద్దనండి, మర్యాదగానే. ఒకవేళ పోయినా, ఫీజు కట్టి రిజిస్టర్ ఆఫీసులో సర్టిఫైడ్ నకలు తీసుకోవచ్చు. రిజిస్టర్ కాని కాగితానికి ఆ దారి లేదు.

డబ్బు మొత్తం కట్టి, క్రయపత్రం అయినాక పాత మూలపత్రాల సంగతి. అమ్మినవాళ్ళు తమ దగ్గరున్న హక్కు పత్రాలన్నీ కొన్నవాళ్ళకి ఇవ్వాలని 1882 చట్టం 55వ సెక్షన్ చెప్తుంది. కానీ వాళ్ళు ఆ స్థలంలో కొంత ఉంచుకుంటే మూలపత్రం వాళ్ళే పెట్టుకోవచ్చు. ఒకే స్థలాన్ని ప్లాట్లు వేసి పదిమందికి అమ్మేస్తే, అన్నిటికంటే ఎక్కువ విలువైన ప్లాటు కొన్నవాళ్ళకి అది పోతుంది. మిగతావాళ్ళు అడిగినప్పుడు, ఖర్చు వాళ్ళు పెట్టుకుంటే, దాన్ని చూపించాలి, నకళ్ళు ఇవ్వాలి. అసలు పత్రం ఎవరి దగ్గరుందో కొనే రోజే రాసిపెట్టుకుంటే ఈ హక్కు వాడుకోవడం సులువు.